పెళ్లికి ముందు గెంతని బోటు

శుభవార్త వచ్చేసరికి లేసీ రెండు చేతులూ ఉడికిన గుడ్ల పచ్చసొనలో ఉన్నాయి. కిటికీ గూట్లో ఫోను మోగుతోంది. చేతులు కడుక్కుని వచ్చేంత ఓపిక కొత్త పెళ్లికూతుళ్లకు ఉండదు కాబట్టి ఆమె వంగి ముక్కుకొసతో నొక్కింది. అవతల ప్యాట్సీ. సోర్‌వుడ్ సరస్సులో ఏటా జరిగే ఆలుమగల బాస్ చేపల పోటీకి ఆవిడే సర్వాధికారి. ఆవిడ గొంతు వింటే చేపలు కూడా వరసలో నిలబడతాయని ఆ ఊళ్లో ప్రతీతి.

ప్యాట్సీ చెప్పిన సంగతి ఇది. రేపటి పోటీలోంచి ఒక జంట తప్పుకుంది. నిన్న సాయంత్రం ట్రైలరును వెనక్కి నడిపి బోటును నీళ్లలోకి దింపుతున్నప్పుడు మొగుడు ఎడమకి తిప్పమన్నాడు. పెళ్లాం తిప్పింది. తిప్పినంత మేర ఒక చెత్తకుండీ, ఒక సూచిక పలక, ఇంకొకరి పికప్ బండి తలుపు పోయాయి. తర్వాత జరిగిన చర్చలో ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. ఖాళీ అయిన ఆ చోటు, ఎదురుచూసేవాళ్లలో ముందున్న పూల్ దంపతులది, అంటే గ్యారెట్, లేసీలది. సాయంత్రం అయిదింటికి చర్చి హాల్లో సమావేశం. ఇద్దరూ వచ్చి అవునో కాదో చెప్పాలి. చెప్పకపోతే వెనకున్నవాళ్లకి వెళ్లిపోతుంది.

ఒకరి సంసారం కూలితే మనం సంతోషించకూడదు. లేసీ ఆ సంగతి ఒక క్షణం గుర్తు చేసుకుని, ఆ క్షణం అయిపోయాక వంటింట్లో గిరగిరా తిరిగింది. ఆమెకు పోటీ కంటే ముందు 'పూల్ దంపతులు' అన్న మాట నచ్చింది. పెళ్లయి ఇంకా వేసవి నడుస్తూనే ఉంది. పెళ్లికి వచ్చిన టోస్టర్లు మూడింటిలో ఒకటే పెట్టెలోంచి బయటపడింది. పొద్దున్నే కాఫీ కప్పులు రెండు పక్కపక్కన కనపడితేనే ఆమెకు పండగలా ఉంటుంది. అలాంటి మనిషికి దంపతులని ఎవరైనా ఫోన్లో పిలిస్తే ఇక చెప్పాలా.

గ్యారెట్ వాకిట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. విన్నాడు. భార్యను నడుం పట్టుకుని పైకెత్తాడు. ఎత్తినవాడు అంతలోనే మెల్లగా, పంచరైన టైరు మార్చాక జాకీ దించినట్టు, కిందికి దించాడు.

"బోటు సంగతో?" అన్నాడు.

ఆ మాటతో వంటింట్లో పండగ అయిపోయింది.

బోటు గెంతుతోంది. నెమ్మదిగా పోతే పెద్దమనిషిలాగే ఉంటుంది. పూర్తి వేగంలోనూ ఎలాగో సర్దుకుంటుంది. కానీ సరస్సు మీద మనుషులు ఎక్కువసేపు పోయే మధ్యరకపు వేగం ఒకటుంటుంది. సరిగ్గా ఆ వేగం అందుకోగానే బోటు ముక్కు పైకి లేస్తుంది, దభీమని పడుతుంది, మళ్లీ లేస్తుంది. ఏతం తొక్కినట్టే. లోపల కూర్చున్నవాళ్ల పళ్లు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఇది నెల రోజుల నుంచి సాగుతోంది. ఆ నెల రోజులూ గ్యారెట్ ఇంజను చుట్టూ ప్రదక్షిణలు చేశాడు, మరలు బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. ఇంజను అన్నిటినీ సమభావంతో స్వీకరించింది.

రేపు పొద్దున్న అన్ని బోట్లూ ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతాయి. ఒకరి బోటు లేపిన అలల మీద ఇంకొకరు పోవాలి. మామూలుగానే గెంతే బోటు ఆ అలల మీద ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేయలేనన్నాడు గ్యారెట్. ప్యాట్సీకి ఫోను చేసి వద్దని చెప్పేస్తానన్నాడు. మెల్లగా పోతే సరిపోదా అని లేసీ అడిగింది. మాడిపోయిన మాంసం వడ్డించిందేమో అన్నట్టు చూశాడు. ఇంజనును కిందికి వంచే మీట ఉంది కదా, అది నొక్కితే ముక్కు దిగుతుంది కదా అంది. దిగుతుందట, బోటు నీళ్లు దున్నుతూ పోతుందట, అలా పోయేవాళ్లు గంటల లెక్కన బోటు అద్దెకు తీసుకునే బ్యాంకు ఉద్యోగులట. ఆ జాతితో పూల్ వంశానికి ఇంతవరకూ వియ్యం లేదట.

అయిదింటి దాకా ఆగమని లేసీ బతిమాలింది. ఆమెకు ఇది ఒక్క చేపల పోటీ కాదు. అలబామాలోనే బర్మింగ్‌హామ్ పట్నంలో పుట్టి, అక్కడే కాలేజీలో చరిత్ర చదివి, పెళ్లి పేరుతో ఈ సరస్సు ఒడ్డుకు వచ్చింది. ఈ ఊళ్లో ఒక లెక్క ఉంది. చర్చిలో పాస్టరు చేయించేది నిశ్చితార్థం. పెళ్లయ్యేది సరస్సు మీద. ఆలుమగలు ఒకే బోటులో పోటీకి వెళ్లి, మధ్యాహ్నం చేపలు తూయించుకుని, మాట్లాడుకుంటూనే తిరిగొస్తే అప్పుడు వాళ్లు మొగుడూ పెళ్లాలు. ఊరు ఒప్పుకుంటుంది. అందాకా లేసీ 'గ్యారెట్ తెచ్చుకున్న పట్నం పిల్ల'. అంగడికెళితే సామాను ఇచ్చి, గ్యారెట్‌ని అడిగామని చెప్పమంటారు. ఈ యేడు తప్పితే ఇంకో యేడు పట్నం పిల్లగానే ఉండాలి. హనీమూన్ కూడా చేపలు గుడ్లు పెట్టే కాలమని వాయిదా వేసుకున్న త్యాగమూర్తికి ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

సరేనన్నాడు. బోటును ట్రైలరు మీద పెట్టుకుని, బోట్లు నీళ్లలోకి దింపే ర్యాంపుకి వెళ్లారు.

ర్యాంపు దగ్గర, పైన్ చెట్ల నీడలో, మడత కుర్చీల మీద పెద్దల సభ ఒకటి ఎప్పుడూ తీరి ఉంటుంది. పదవీ విరమణ చేసినవాళ్లు, చేయించబడ్డవాళ్లు, భార్యలు ఇంట్లో ఉండనివ్వనివాళ్లు అందులో సభ్యులు. బోట్లు దింపేవాళ్లను చూసి తీర్పులు ఇవ్వడం వాళ్ల వృత్తి. ఉడకబెట్టిన పల్లీలు ఒలుచుకుంటూ చెబుతారు కాబట్టి తీర్పులో ఉప్పు తగినంత ఉంటుంది. ఊళ్లో ఒక మనిషికి జ్వరం వస్తే ఒక్క వైద్యుడు దొరకడు. బోటుకు జ్వరం వస్తే ఊరంతా వైద్యులే.

సభలో ముఖ్యుడు అంకుల్ హోయ్ట్, గ్యారెట్ తల్లికి తోడబుట్టినవాడు. ఆయన కొట్టంలో గోడ పొడుగునా ప్రొపెల్లర్లు వేలాడుతుంటాయి. లోకంలో ఏ సమస్యకైనా మూలం ప్రొపెల్లరే అని ఆయన సిద్ధాంతం. కిందటేడు కూతురు విడాకులు తీసుకున్నప్పుడు కూడా అల్లుడి బోటు ప్రొపెల్లర్ గురించే బాధపడ్డాడు. బోటు గెంతుతోందని ఆయన కుర్చీలోంచి లేవకుండానే కనిపెట్టి, ఒక ప్రొపెల్లర్ తీసి ఇచ్చాడు. బిగించారు. గ్యారెట్, లేసీ ఒక చుట్టు తిరిగొచ్చారు. అప్పటిదాకా ఏతంలా గెంతిన బోటు ఇప్పుడు అడవి గుర్రంలా గెంతింది. లేసీ టోపీ ఒక గెంతుకు ఎగిరి సరస్సుకు సమర్పణమైంది.

హోయ్ట్ అది మంచి సూచన అన్నాడు. రోగం బయటపడుతోందట.

పక్క కుర్చీలో బ్రదర్ ఏమస్ ఉన్నాడు, ఒకప్పుడు ప్రసంగాలు చేసినవాడు, ఇప్పటికీ మానలేదు. బోటు అడుగు వంగిందని ఆయన అభిప్రాయం. అడుగు ఎక్కడ వంగిందో చూడటానికి గ్యారెట్ ట్రైలరు కింద దూరి, పెద్ద స్కేలు పెట్టి కొలిచాడు. బాగానే ఉంది. ఏమస్ తల పంకించి, మనుషుల్లోనూ అంతే, వంకర పైకి కనపడదన్నాడు. ఇంకొకాయన ఇంజను మరీ ఎత్తున ఉందన్నాడు. దించారు. ఇంకొకాయన మరీ దిగిపోయిందన్నాడు. ఎత్తారు. చివరి కుర్చీలో కూర్చున్న పాపం కొత్త మనిషి, టెనెసీ నుంచి మొన్ననే వచ్చినవాడు, ఇంజను రెక్కకు తగిలించే ప్లాస్టిక్ తోక ఒకటి అమ్ముతారు, అది పెడితే గెంతు ఆగుతుంది కదా అన్నాడు.

పల్లీలు ఒలిచే చేతులు ఆగాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి చంకకర్రలు కొనిపెడతానన్నట్టు చూశారతన్ని. అతను తన బూట్లు చూసుకున్నాడు. ఆ తర్వాత ఆ మధ్యాహ్నమంతా అతనికి పల్లీలు ఎవరూ ఇవ్వలేదు.

హోయ్ట్ రెండో ప్రొపెల్లర్ తెప్పించాడు. ఇది మొదటిదానికంటే మంచిదట. మొదట్లోనే ఇవ్వచ్చు కదా అని లేసీ అడగలేదు. కొత్త కోడళ్లు అడగకూడనివి ఈ ఊళ్లో చాలా ఉన్నాయి, అందులో ఇది చిన్నది. బిగించడం అయిపోయింది గానీ, నీళ్లలోకి దింపకముందే భోజనాలొచ్చాయి.

భోజనాలతో మిస్ వర్నెల్ వచ్చింది. గ్యారెట్ తల్లి. పెళ్లయినా పెద్దావిడల్ని ఆ ఊళ్లో మిస్ అనే పిలుస్తారు. ఆవిడ తెచ్చిన టమాటా సాండ్‌విచ్‌లు, చల్లటి తీపి టీ ముందు సభ సభంతా లేచి నిలబడింది. ఆవిడా, పోయిన ఆవిడ భర్తా ఒకప్పుడు ఈ పోటీలో ఏటా ఉండేవాళ్లు. ఇద్దరూ చెరో చేపా పట్టుకుని నిలబడ్డ ఫోటో హాల్లో గోడ మీద ఇప్పటికీ ఉంది. అందులో ఇద్దరూ నవ్వరు. చేపలు మాత్రం కొంచెం సంతోషంగా కనపడతాయి.

కథంతా విని, సాండ్‌విచ్ చుట్టిన కాగితం మడత పెడుతూ మిస్ వర్నెల్ అంది: "నీ కడుపు చల్లగా లేసీ, నిన్ను అన్నానని కాదు గానీ, ఆ బోటు పెళ్లికి ముందు ఎప్పుడూ గెంతలేదమ్మా."

అలబామాలో దీవెనతో మొదలైన మాటకు చెవి అడ్డం పెట్టుకోవాలి. సభలో ప్రతి మనిషీ తన సాండ్‌విచ్ లోపల ఏదో పోగొట్టుకున్నట్టు వెతకడం మొదలుపెట్టాడు. గ్యారెట్ ముఖం జేవురించింది. అమ్మా అని ఒక్క మాట అన్నాడు. ఆ ఒక్కటీ చాలా మెల్లగా అన్నాడు.

"నిజమేనండీ," అంది లేసీ మర్యాదగా, "చేపలు కూడా మీ రోజుల్లోనే మర్యాదగా పడేవట." అని, లేచి, ఎవరి వైపూ చూడకుండా, ఎండలో ట్రైలరు మీదున్న బోటు దగ్గరికి నడిచింది.

అంత బాగా జవాబు చెప్పాక ఏడవడం బావుండదు. అందుకని ముక్కు తుడుచుకోవడానికి మాత్రమే అన్నట్టు బోటెక్కి, ముందు భాగంలో ఉన్న పెద్ద అర మూత ఎత్తింది. కాగితం రుమాళ్లు అందులోనే ఉన్నాయి. ఆమె సామానంతా అందులోనే ఉంది. పెళ్లయిన మొదటి ఆదివారం గ్యారెట్ ఆ మూత ఎత్తి, ఇది నీది అని చెప్పి, చెవులెర్రబడి అవతలకు తిరిగిపోయాడు. లోపల తువ్వాలు తగిలించుకోవడానికి చిన్న కొక్కెం కూడా పెట్టాడు. ఆ రోజు లేసీ దానికి ఎంత మురిసిందంటే, ఉంగరానికి కూడా అంత మురవలేదు. వెంటనే నింపేసింది: వాన కోటు, గొడుగు, ఎండకు రాసుకునే క్రీము, దూదిదిండు, సగం చదివిన ప్రేమకథ ఒకటి, అది అయిపోతే ఇంకొకటి.

రుమాలుతో ముక్కు తుడుచుకుంటూ అత్తగారి మాట మనసులో మళ్లీ నమిలింది. పెళ్లికి ముందు గెంతలేదు. నమిలేకొద్దీ చేదు పోయి, లోపల ఏదో గట్టిగా పంటికి తగిలింది. మాట విషం లాంటిదే, కానీ అబద్ధం కాదు. పెళ్లికి ముందు తను ఈ బోటులో ఎన్నోసార్లు వచ్చింది. అప్పుడు కప్పులో కాఫీ తొణకలేదు. మరి పెళ్లితో బోటులోకి ఏం వచ్చింది? తను ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. పెళ్లి భోజనాలకి కొంచెం పెరిగిన మాట నిజమే, అయినా ఒక ఇంజనుకు ఎదురు తిరిగేంత కాదు.

తన అర వైపు చూసింది. ఇది తనది కాకముందు ఎవరిది? ఇందులో ఏముండేది?

వెనకకు వెళ్లి, ఇంజనుకు ఆనుకుని ఉన్న అర మూత ఎత్తబోయింది. మూత లేవలేదు. రెండు చేతులతో లాగితే లేచింది, లోపలి నుంచి గ్యారెట్ బ్రహ్మచర్యమంతా పైకి చూసింది. సీసపు గుండ్ల డబ్బాలు, చిన్నవి, పెద్దవి, పెద్దవాటికంటే పెద్దవి. ఇనప ఎరల పెట్టెలు ఒకదాని మీద ఒకటి. లంగరు, దాని గొలుసు, ఆ లంగరు పోతే ఉంటుందని ఇంకో లంగరు. పనిముట్ల సంచి. ఏ బోటుదో తెలియని పాత బ్యాటరీ. ఆ అర పక్కనే, పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె స్వహస్తాలతో కోడివేపుడు, బంగాళాదుంప ముద్ద, కేకు సర్ది, మొగుడు ఆకలికి ఎక్కడ సొమ్మసిల్లుతాడోనని ప్రతి వారం పంపుతున్న ఐసు పెట్టె, దూడంత ఉంది, వెనక్కి తాళ్లతో కట్టి ఉంది.

ముందు దూదిదిండు, వెనక సీసం. బోటు తల ఎత్తుకుని గెంతక ఏం చేస్తుంది? చరిత్ర చదివినదానికి కూడా అర్థమైంది.

చెయ్యి ఊపి గ్యారెట్‌ని పిలిచింది. వచ్చి, తెరిచిన అర చూసి, గడ్డం కింద గోక్కున్నాడు.

"ఇవన్నీ ఇదివరకు ఎక్కడుండేవి?"

"ముందు అరలో."

"ఇక్కడికి ఎప్పుడొచ్చాయి?"

నీడలో సాండ్‌విచ్‌లు తింటున్న సభ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "నీకు చోటు కావాలి కదా."

లేసీకి ఆ క్షణంలో మూడు పనులు ఒకేసారి చేయాలనిపించింది: ముద్దు పెట్టుకోవడం, నెత్తిన మొట్టడం, గట్టిగా నవ్వడం. ఏదీ చేయలేదు. బోటు ఎందుకు గెంతుతోందో అతనికి తెలుసు. నెల రోజులుగా తెలుసు. తెలిసీ తెలియనట్టుండటానికి నానా తంటాలు పడుతున్నాడు. సభకు చెప్పలేడు. ఈ ఊళ్లో మగవాడు ఇల్లు పెళ్లాం పేర రాస్తాడు, బండి తాళాలు ఇస్తాడు, ఆమె పుట్టింటివాళ్లను కూడా భరిస్తాడు. బోటులో ముందు అర ఇవ్వడు. ఇచ్చాడని తెలిస్తే మడత కుర్చీలు పదేళ్లు దాన్నే ఒలుచుకు తింటాయి. అందుకని ఒకరి తర్వాత ఒకరు ప్రొపెల్లర్లూ, ఇంజను ఎత్తూ మారుస్తుంటే నోరు మూసుకుని మరలు అందించాడు. దీన్ని ప్రేమ అంటారు. బోటుకు ఆ సంగతి తెలియదు, దానికి బరువే తెలుసు.

సామాను ముందుకు మారుద్దామంది లేసీ. గ్యారెట్ ఒప్పుకోలేదు. మొండితనం అతనికి తండ్రి వైపు నుంచి వచ్చింది. తల్లి వైపు నుంచి కూడా వచ్చింది.

"నీకిచ్చింది అది. ఇచ్చిందాన్ని వెనక్కి తీసుకుంటే మా నాన్న సమాధిలోంచి లేచొస్తాడు. పోటీ పోతే పోనీ."

"రానీ," అంది వెనక నుంచి ఒక గొంతు. "వస్తే నేనూ ఒక మాట అడగాలి."

మిస్ వర్నెల్. కోడలి కోసం కాగితంలో చుట్టిన సాండ్‌విచ్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఆవిడ ముందు అరలోకి చూసింది. దిండు చూసింది, పుస్తకాలు చూసింది, కొక్కేనికి వేలాడుతున్న చిన్న తువ్వాలును వేలితో ఒకసారి కదిపింది.

"అన్నేళ్లు ఆయన పక్కన కూర్చున్నాను," అంది. "నా సామాను బ్రెడ్డు సంచిలో పెట్టుకుని కాళ్ల మధ్య పెట్టుకునేదాన్ని. వానొస్తే అది తడిసేది. ఒక అర ఇవ్వచ్చని ఆయనకి తోచలేదు. అడగచ్చని నాకూ తోచలేదు."

ఆవిడ నోట అంత పొడుగు మాట, చివర ముల్లులేనిది, లేసీ ఎప్పుడూ వినలేదు. ముందుకు వంగి సాండ్‌విచ్ అందుకుంది. ఆవిడ గొంతు సవరించుకుంది.

"ఇంకా చూస్తున్నారేం? పోటీకి వెళ్తున్నారా, సామాను ప్రదర్శన పెట్టారా?"

గ్యారెట్ ఇంకా కాళ్లు నేలలో పాతుకున్నట్టే ఉన్నాడు. ఇచ్చింది వెనక్కి తీసుకోనన్నాడు మళ్లీ. లేసీ సాండ్‌విచ్ బోటు అంచు మీద పెట్టి, చేతులు నడుం మీద పెట్టుకుంది.

"ఈ అర నాదేనా?"

"నీదే."

"నా అరలో ఏం పెట్టుకోవాలో ఎవరు చెప్పాలి?"

"నువ్వే."

"నాకు నీ సీసం కావాలి. తీసుకురా."

గ్యారెట్ తన తల్లి వైపు చూశాడు. ఆవిడ, కోడలు చెప్పింది వినపడలేదా అన్నట్టు కనుబొమలు ఎగరేసింది. గ్యారెట్ వంగి, సీసం మోయడం మొదలుపెట్టాడు.

సభ భోజనం ముగించేలోపు పని అయిపోయింది. సీసం డబ్బాలు ముందు అర అడుగున, వాటి మీద ఇనప ఎరలు, అన్నిటి మీదా లేసీ వాన కోటు, పుస్తకాలు. కొక్కేన్ని మాత్రం ఎవరూ కదపలేదు. దిండు, గొడుగు వెనక్కి వెళ్లాయి. రెండో లంగరు, అనాథ బ్యాటరీ పికప్ బండిలోకి వెళ్లాయి. దూడంత ఐసు పెట్టెను మిస్ వర్నెల్ తన కారులో పెట్టించుకుంది. పెట్టించుకుంటూ మూత ఎత్తి చూసి, ఇద్దరు మనుషులకు ఇంత కోడా, నీ కడుపు చల్లగా, అంది. లేసీకి ఎందుకో ఈసారి అది తిట్టులా వినపడలేదు. కొంచెం వినపడింది. కొంచెమే.

బోటు నీళ్లలో దిగింది. గ్యారెట్ చక్రం పట్టుకున్నాడు. లేసీ పక్క సీట్లో కూర్చుని, అలవాటు కొద్దీ పళ్లు బిగించుకుని, అలవాటు కొద్దీ సీటు అంచు పట్టుకుంది. బోటు వేగం అందుకుంది. ఆ పాడు వేగం వచ్చింది. ముక్కు కొంచెం లేచి, ఆలోచించుకున్నట్టు ఆగి, అక్కడే నిలబడింది. నీళ్లు రెండు వైపులా చీలి పోతున్నాయి. ఒక్క గెంతు లేదు. లేసీ మెల్లగా పళ్లు వదిలింది. కప్పులో తీపి టీ ఉంది, తాగింది, గడ్డం మీద ఒక్క చుక్క పడలేదు. గడ్డం మీద టీ పడకపోవడంలో ఇంత సుఖం ఉందని పెళ్లికి ముందు ఎవరూ ఆమెకు చెప్పలేదు. గ్యారెట్ ఆమె వైపు చూసి, వంతెన దాకా ఊరికే పోయి ఊరికే తిరిగొచ్చాడు. ఏ పనీ లేదు అక్కడ.

ఒడ్డుకు వచ్చేసరికి సభ లేచి నిలబడి ఉంది. హోయ్ట్ ముఖం వెలిగిపోతోంది. చెప్పానా, రెండో ప్రొపెల్లర్ అని, అన్నాడు. ఏమస్ ఎప్పుడు చేశాడో ఏమో, తను చేసిన ప్రార్థన గురించి కూడా గుర్తు చేశాడు. ఇంజను సరిగ్గా అంగుళం దించమన్నది తనేనని ఒకాయన, ఎత్తమన్నది తనేనని ఇంకొకాయన, ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. లేసీ వెళ్లి టెనెసీ మనిషికి పల్లీలు పెట్టింది.

గ్యారెట్ ఎవరినీ కాదనలేదు. ఇంత సులువుగా దొరికిన గండం గట్టెక్కే దారిని ఎవరు కాదంటారు? అంకుల్ చేతులు పట్టుకుని కృతజ్ఞత కూడా చెప్పాడు. ఆ ప్రొపెల్లర్ ఇక నీదేరా అన్నాడు హోయ్ట్ కళ్లు తుడుచుకుని. మిస్ వర్నెల్ కారు పక్కన నిలబడి ఇదంతా వింది. ఒక్క మాట చాలు, సభ మొత్తం పదేళ్లకు సరిపడా పండగ చేసుకునేది. ఆవిడ టీ కప్పులు ఏరుకుంటూ ఉండిపోయింది.

అయిదింటికి చర్చి హాలు నిండింది. చెమట, కాఫీ, చేపల ఎర కలిసిన వాసన. ప్యాట్సీ బల్ల ముందు నిలబడి పూల్ అని పిలిచింది. అవునా కాదా అని అడిగింది. ఇద్దరూ ఒకేసారి అవునన్నారు, లేసీ కొంచెం ఎక్కువ గట్టిగా అంది. గోడకున్న నల్లబల్ల మీద ప్యాట్సీ సుద్దముక్కతో రాసింది: గ్యారెట్, లేసీ పూల్. తన పేరు అక్షరాలు ఎత్తుగా లావుగా ఉండటం చూసి లేసీకి హాలు మొత్తాన్ని కావలించుకోవాలనిపించింది. వెనక వరసలో మిస్ వర్నెల్ పక్కనున్న ఆవిడతో మాట్లాడుతోంది. "ఆ రెండో పేరా? మా కోడలు," అంటోంది, వాతావరణం చెబుతున్నంత మామూలుగా.

బయటికి వస్తుంటే హోయ్ట్ దగ్గరకొచ్చి రేపు ఏ వైపు వెళ్తున్నారని అడిగాడు. చేపలున్న వైపు, అంది లేసీ. ఆయన తల వెనక్కి వేసి నవ్వి, ఈ పిల్ల నేర్చుకుంటోందిరా అని గ్యారెట్ వీపు మీద చరిచి వెళ్లాడు.

పికప్ బండిలో కూర్చున్నాక, తలుపు మూసి, అద్దాలు ఎత్తి, ఎవరూ వినడం లేదని రెండు వైపులా చూసుకుని, లేసీ అసలు సంగతి చెప్పింది.

"రేపు నాలుగింటికి లేస్తున్నాం. కాఫీ నేను పెడతాను. రొట్టెలు మీ అమ్మగారు తెస్తానన్నారు. బోట్లను వదలగానే నేరుగా రైలు వంతెన స్తంభాల దగ్గరికి. ఎండ పొడిచేదాకా బోటు ముందు భాగంలో నువ్వు నిలబడి గాలం వెయ్యి. ఎండ పొడిచాక అక్కడ నేను."

గ్యారెట్ బండిని రోడ్డు మీదికి తిప్పాడు.

"మరి అప్పుడు నేనేం చెయ్యాలి?"

"నా చేపకి వల పట్టుకుని వెనక నిలబడు."